గడప లోపలి పాఠం

మా ఇంటికీ వెంకటమ్మ ఇంటికీ నడుమ ఉన్నది ఒకే గోడ. అదీ ఒంటి ఇటుక గోడ. చెవులు మూసుకునే అలవాటు నాకు మొదటి నుంచీ లేదు కనుక, తమిళనాడులోని మా గుడియాత్తంలో ఆ అత్తాకోడళ్ళ సంగతి నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. తెలియనిది ఏదైనా ఉంటే లోకేశ్వరే చెప్పేది.

వెంకటమ్మకు డెబ్బై దాటాయి. కోడలు లోకేశ్వరికి ముప్పై రెండు. వెంకటమ్మ కొడుకు మోహన్‌రాజ్ లారీ తోలేవాడు. ఆరేళ్ళ కిందట ఆంబూరు దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు వచ్చి పిలిచినా లోకేశ్వరి వెళ్ళలేదు. చెరో చేట ఒళ్ళో పెట్టుకుని, ఆకు కత్తిరించి, పొగాకు పోసి, బీడీలు చుట్టి దారం కట్టుకుంటూ ఇద్దరూ ఒకరికొకరు మిగిలారు.

కోడలిని కాలేజీకి పంపాలన్న ఆలోచన అత్తదే. ఒకరోజు చేట పక్కన పెట్టి తన వేళ్ళు చాచి చూపించింది.

"నా ఏళ్ళు ఎట్లయిపోయినాయో చూడు. నీవి గూడా ఇట్లే కావాల్నా? పన్నెండో తరగతి పాసైనదానివి. పోయి సదువుకో."

ఆ వయసులో చేర్చుకునే కాలేజీ దొరకడానికే ఏడాది పట్టింది. చివరికి వేలూరులో ఒకటి దొరికింది. బి.ఏ. చరిత్ర, తమిళంలో. ముసలికాలంలో దసరా పండగ అని వీధివాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, దాచడమెందుకు. లోకేశ్వరి మాత్రం పొద్దున ఏడు గంటల బస్సెక్కి, కె.వి.కుప్పం దాటేలోపు పుస్తకం తెరిచేది.

ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. మా తెలుగువాళ్ళు ఇక్కడికి వచ్చి ఎన్ని తరాలైందో ఎవరికీ లెక్క తెలియదు. తెలుగు అక్షరం ముక్క రాని ఇళ్ళే ఎక్కువ. బడీ, సంతా, బస్సూ అన్నీ తమిళమే. అయినా వెంకటమ్మ గడప లోపల తమిళం వినిపించకూడదు. "అరవం చెప్పులతో బాటు బయట ఇడిసి రాప్పా" అని నాకే చెప్పేది. నేను ఆమె కంటే నాలుగేళ్ళే చిన్న.

అందుకని లోకేశ్వరి బస్సులో తమిళంలో చదివిన పాఠాన్ని సాయంత్రం బీడీలు చుడుతూ అత్తకు తెలుగులో చెప్పేది. అలా చెప్తేనే తనకు గుర్తుండేది. వేలూరు కోటలో సిపాయిలు తెల్లదొరల మీద తిరగబడిన కథ నాలుగు సాయంత్రాలు నడిచింది.

"తలపాగా మార్చమంటే యాడన్నా ఊరుకుంటారా?" అని వెంకటమ్మ సిపాయిల పక్షం చేరింది. ఆర్కాడు నుంచి దొరల గుర్రాల దండు వచ్చి పడిందని చెప్పగానే, "మన బస్సు కంటే బిరీన వచ్చిందే, పాడు గుర్రాలు!" అని తిట్టింది. గోడకు ఇవతల నేను కాఫీ ఒలకబోసుకున్నాను.

కాలేజీలో సగం ఏడాదికి రెండు పరీక్షలు. రెండూ తప్పితే పెద్ద పరీక్షకు కూర్చోనివ్వరు. మొదటి పరీక్షలో ఆ కోట కథే వచ్చింది. లోకేశ్వరి తల ఎత్తకుండా నాలుగు పేజీలు రాసి, ఇంటికొచ్చి అత్తకు మైసూరుపాకు తినిపించింది.

నాలుగు రోజుల తరవాత చరిత్ర చెప్పే సుగంతి మేడమ్ పిలిచి ఆ కాగితాలు ముందు పెట్టింది. అక్షరాలన్నీ తమిళమే కానీ ఒక్క వాక్యమూ అర్థం కాలేదు, ఏం రాశావమ్మా అని అడిగింది. లోకేశ్వరి చూసుకుంది. నాలుగు పేజీలూ తెలుగే, తమిళ అక్షరాల్లో. సాయంత్రాలు అత్తకు ఎలా చెప్పిందో అలాగే. వెనక బెంచీ పిల్లలు కిసుక్కున నవ్వారు.

సుగంతి మేడమ్ నవ్వలేదు. అది చదివి తమిళంలో చెప్పమంది. లోకేశ్వరి ఒక్కో వాక్యమే మార్చి చెప్పింది. చివరి వాక్యం దగ్గర ఆగి, దాన్నీ చెప్పింది. 'చచ్చిపోయిన ఆ పిల్లకాయల అమ్మలకు ఎవురు పోయి చెప్పినారు?' అని రాసి ఉంది. ఇది ఏ పుస్తకంలో ఉంది అని మేడమ్ అడిగితే, మా అత్త అడిగింది మేడమ్ అంది. మేడమ్ ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తరవాత, తెలుగులో రాసినదానికి మార్కులు వేసే అధికారం తనకు లేదనీ, పది రోజుల్లో రెండో పరీక్ష ఉందనీ, అందులోనూ ఇలా రాస్తే ఏడాది పోతుందనీ మెల్లగా చెప్పింది.

ఆ సాయంత్రం లోకేశ్వరి పుస్తకాలు అటక మీద పడేసి చేట అందుకుంది.

"పాఠం చెప్పవా?" అంది అత్త.

"ఇంక చెప్పను అత్తా. సదువు అయిపోయింది." జరిగిందంతా చెప్పింది. "రాసేటప్పుడు నువ్వే ఎదురుగా కూర్చోనున్నట్టు ఉండాది. నీకు చెప్పినట్టే రాసేసినాను. మళ్ళా అట్లే రాస్తాను. ఆ పిల్లల ముందర తలెత్తుకునేదానికి కాలేదు నాకు."

నాకు గోడ పగలగొట్టి వెళ్ళి ఆ పిల్లను ఓదార్చాలనిపించింది.

"మా మోహనుడు పోయినాడని ఆ పొద్దు పోలీసోళ్ళు వచ్చినారు గదా," అంది వెంకటమ్మ. "నాకు చెప్పలేక వీధిలోనే నిలబడిపోయినారు. నువ్వే లోపలికొచ్చి, నా చెయ్యి పట్టుకోని చెప్పినావు. అది చెప్పగలిగినదానివి, ఇది చెప్పలేవా? పుస్తకం దించు. అరవంలోనే చెప్పు."

"ఈ ఇంట్లోనా అత్తా?"

"ఈ ఇంట్లోనే. నాకు సరిపడకపోతే పోనీ. నీకు కావాల గదమ్మా."

అటక మీద నుంచి పుస్తకం దిగిన చప్పుడు వినబడింది. లోకేశ్వరి పాఠం తమిళంలో మొదలుపెట్టింది. నలభై ఏళ్ళలో ఆ గోడ అవతల నుంచి తమిళం వినడం నాకు అదే మొదలు. నాలుగు వాక్యాలు చెప్పి ఆమె ఆగిపోయింది.

"అప్పురం ఎన్న ఆచ్చు?" అంది వెంకటమ్మ. తరవాత ఏమైందని తానూ తమిళంలోనే అడిగింది. బజారులో బేరమాడే గొంతుతో కాదు, ఎప్పుడూ కోడలిని అడిగే గొంతుతోనే.