వెన్నముద్దతో కొలిచిన బలం

మొన్న పొద్దున్నే కొండాపూర్‌లో మా అల్లుడి ఇంటికి వెళ్లేసరికి, అతను బాల్కనీలో బిగించిన సైకిల్ మీద కూర్చుని, ఎక్కడికీ పోకుండానే చెమటలు కక్కుతూ తొక్కుతున్నాడు. ఎదురుగా తెర మీద వాట్లు, చేతి గడియారంలో కిలోమీటరు ఎంతసేపట్లో పరిగెత్తాడో ఆ లెక్క. ఈత, సైకిల్, పరుగు కలిపిన ట్రయాథ్లాన్ ఛాంపియన్‌షిప్‌కు అర్హత రావాలంటే కాళ్లలో ఇంత బలం, పరుగులో ఇంత వేగం ఉండాలట, తనకు రెండూ కాస్త తక్కువ పడుతున్నాయట. అల్లుడిది కోస్తా. "మావయ్యగారూ, మీ రోజుల్లో ఇవన్నీ ఎక్కడివిలెండి" అన్నాడు జాలిగా. నాకు రోషం వచ్చింది. ఇప్పుడు చెప్పేది మన ఈడువాళ్లు నమ్ముతారు, మిగిలినవాళ్ల సంగతి నాకెందుకు.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో కోకాపేటలో మా మేనత్తకు బర్రెలు చాలా ఉండేవి కానీ సైకిల్ ఒక్కటే, దాని మీద కన్నేసినవాళ్లం ఇద్దరం, ఆమె కొడుకు మా బావ, నేను. బొంబాయి రోడ్డు మీద మదీనాగూడ దగ్గర లారీలు ఆగే హోటలుకు పాలు చేరవేసే పని ఎవరికి దక్కితే సైకిల్ వాడిది, రెండోవాడికి పేడ తట్ట. అందుకని అత్తయ్య చెరో రోజు పరీక్ష పెట్టింది. చెరువులోకి ఈదుకుంటూ పోయి బర్రెలను తోలుకురావాలి, పాలు పిండాక క్యాను కట్టుకుని బండల దారిన తొక్కాలి, లారీలు కదలకముందే చేరాలి.

మొదటి రోజు బావ పెళ్లి ఊరేగింపులా తొక్కాడు. పాలు భద్రంగా చేరాయి గానీ లారీలు అప్పటికే వెళ్లిపోయాయి. మర్నాడు నా వంతు. నేను ఈదిన ఈతకు చెరువు కట్ట దాటి పొంగిందని ఇప్పటికీ అంటారు, అనేది నేనే అనుకోండి. సీటు మీద కూర్చుంటే ఒట్టు, నిలబడే తొక్కాను, కొండాపూర్ గుట్ట మీద సైకిల్ ఎగిరిన ప్రతిసారీ గద్దలు పక్కకు తప్పుకున్నాయి. గుట్ట దిగగానే టైరు పంచరైంది. సైకిల్‌ను ఒక బండకు ఆనించి, క్యాను భుజానికెత్తుకుని, మిగతా దారంతా పరుగు. లారీలు ఇంకా ఉన్నాయి. గెలిచాననుకుని లేని మీసం మెలేశాను.

హోటలాయన మూత తీసి, లోపలికి చూసి, నన్ను చూసి, మళ్లీ లోపలికి చూసి, "పాలెక్కడున్నాయి బాబూ?" అని మెల్లగా అడిగాడు. పల్చటి నీళ్ల మీద వెలగపండంత వెన్నముద్ద తేలుతోంది.

ఇక పేడ తట్ట ఖాయమనుకుంటూ ఇల్లు చేరాను. "ఏందిరా, కాళ్లకు కవ్వం కట్టుకొని పోయినవా?" అన్నాడు బావ. అత్తయ్య మాత్రం నవ్వలేదు. ఆ వెన్న ఏమైందని అడిగింది. లారీ డ్రైవర్లు రొట్టెలకు రాసుకుని, రేపు కూడా కావాలన్నారని చెప్పాను. ఆమె నా పిక్కల బలాన్ని కాసేపు పరీక్షగా చూసింది.

"గింత తాకతున్నోనికి పెండ తట్టెందుకు? జర జల్ది లేస్తె పొద్దుగాల పాలకు వాడు పోతడు. మాపటికి వెన్నకు నువ్వు పో."

అలా నేను అర్హత సాధించాను. గట్టిగా తొక్కితేనే పాలు వెన్నయ్యేవి, ఆ ముసలి టైరు రోజూ గుట్ట కిందే ప్రాణం విడిచేది కనుక, గట్టిగా పరిగెత్తితేనే వెన్న కరగకుండా చేరేది. ఎండాకాలంలో ఒకసారి నీడ చూసి ఆగినందుకు హోటలుకు నెయ్యి చేరింది, డ్రైవర్లు దాన్నీ కాదనలేదు.

ఇదంతా విని అల్లుడు నవ్వు ఆపుకోలేక తొక్కడం ఆపేశాడు. సైకిల్ వెనక పాల క్యాను కట్టుకో, తెరకన్నా నిజం చెబుతుందని సలహా ఇచ్చాను. సాయంత్రం అతని కారులోనే మా పాత దారి చూడబోయాం. కోకాపేటలో కొన్న పాల సీసాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గుట్ట లేదు, బండలు లేవు, వాటి చోట అద్దాల మేడలు. మదీనాగూడలో దిగి, ఆశగా మూత తీసి చూశాను.

పాలు పాలుగానే ఉన్నాయి.