ఆఖరి గంపోయ్!

నాదేజ్ అప్రేయా ముఖంకంటే ఆమె వీపు నాకు బాగా తెలుసు. వేరే అర్థాలు తీయకండి. మా జాజ్ బ్యాండులో శాక్సఫోన్లవాళ్లు ముందు వరసలో కూర్చుంటారు, ట్రాంబోన్లవాళ్లం వాళ్ల వెనక. ఆ ముందు వరసలో చివరి కుర్చీ నాదేజ్‌ది. ఆమె చేతిలో ఉండేది బారిటోన్, శాక్సఫోన్లన్నిటిలోకీ పెద్దది, బొంగురుది. సరిగ్గా ఆమె వెనక బాస్ ట్రాంబోన్ పట్టుకుని నేను. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. బ్యాండు మొత్తంలో అట్టడుగు స్వరాలు మా ఇద్దరివే. పైన ట్రంపెట్లవాళ్లు మెరుపులు మెరిపిస్తుంటే కింద మేం బరువు మోస్తుంటాం. చప్పట్లు మాత్రం వాళ్లకే. ఇది నాకు ఒళ్లుమండే విషయం, దాచుకోను.

వీపు చూసి ఆమె రోజు ఎలా గడిచిందో చెప్పగలను నేను. భుజాలు జారిపోయి ఉంటే బజారులో కవళ్ల చేపలు అమ్ముడుపోక మిగిలిపోయాయన్నమాట. నిటారుగా ఉంటే ఆమె చేపల బల్ల ఖాళీ అయింది. మెడ కాస్త పక్కకి వాలిందంటే పక్క కుర్చీలో రెజిస్ ఏదో అన్నాడు, ఈవిడ ఘాటైన జవాబు వెతుకుతోంది. రెజిస్ మా టెనర్ శాక్సఫోన్ పెద్దాయన. రేవులో క్రేను నడిపి రిటైరయ్యాడు. నోరు మాత్రం రిటైరవలేదు.

మా రేవు ఊరు సేత్‌లో, చేపల బజారులో నాదేజ్‌ది మూడో తరం. అమ్మమ్మ నిలబడిన బల్ల వెనకే ఈమె కూడా నిలబడుతుంది. తండ్రిది మరబోటు. చిన్నప్పుడు ఊరి వాద్యబృందంలో చేరితే, మిగతా పిల్లలు మోయలేక వదిలేసిన బారిటోన్ ఈమెకి అంటగట్టారు. చేపల గంపలు ఎత్తినదానికి అదెంత? అప్పటినుంచి దాన్ని వదల్లేదు. వాయిద్యం పట్టుకుంటే మాట తక్కువ. బజారులో అయితే ఆ గొంతుకి ఎదురులేదు. మధ్యాహ్నం సరుకు అయిపోవచ్చేసరికి ఒక కేక వేస్తుంది: "ఆఖరి గంపోయ్!" ఆ కేక వింటే చాలు, వంటింట్లో పొయ్యి మీద నూనె పెట్టుకొచ్చిన వాళ్లంతా పరిగెత్తుకొస్తారు. పక్క కొట్లవాళ్లు గడియారం చూడరు, అది విని షట్టర్లు దించుతారు. మా బ్యాండులో ఆ బల్ల దగ్గర చేపలు కొనని మనిషి లేడు.

మా బ్యాండుకి ఒక పట్టింపు ఉంది. ఎవరో ఎప్పుడో కట్టిన పాటలు మేం వాయించం. మాలో ఎవరు కడితే అదే వాయిస్తాం. ఇంకో పట్టింపు, కట్టినవాళ్లే ముందుకొచ్చి నిలబడి నడిపించాలి. ఎవరి పాట వెనకా ఎవరూ దాక్కోకూడదని మా మేస్టారు పెట్టిన నియమం. మేస్టారంటే ఎమెరిక్, మా పియానిస్టు. వయసులో మాకంటే చిన్నవాడు, సంగీత పాఠశాలలో పంతులు. సైగలు కూడా ఆయనవే. అరచెయ్యి చూపిస్తే వాయిస్తున్న భాగాన్నే మళ్లీ మళ్లీ తిప్పుతూ ఉండాలి, పిడికిలి చూపిస్తే ఆఖరి భాగంలోకి దూకాలి. నేనూ ఒకసారి ఒక పాట కట్టి నిలబడ్డాను. దాన్ని మళ్లీ ఎవరూ అడగలేదు. సరే, అది వేరే కథ.

వసంతకాలంలో ఒక మంగళవారం రిహార్సల్‌కి నాదేజ్ ఒక సంచీ తెచ్చింది. ఎప్పటిలాగే తియెల్ తెచ్చిందనుకున్నాం, ఎర్రటి ఆక్టోపస్ కూర నింపిన రొట్టె. సంచీలోంచి కాగితాలు తీసి, ఎవరి ముఖమూ చూడకుండా, అందరి స్టాండ్ల మీదా పెట్టుకుంటూ పోయింది. పైన పేరు ఉంది, "నాలుగింటి బోట్లు".

"ఏంటమ్మాయ్, నువ్వే కట్టావా?" అన్నాడు రెజిస్ కళ్లద్దాలు సర్దుకుంటూ. "ముళ్లు తీశావా, లేకపోతే మమ్మల్నే తీసుకోమంటావా?"

"తీశాను బాబాయ్. నీకు పళ్లు లేవని గుర్తుంది."

వాయించాం. మొదట బారిటోన్ ఒక్కటే. అడుగున నాలుగు స్వరాలు, దగ్గుతున్నట్టు, గురక పెడుతున్నట్టు, ఆగకుండా. సాయంత్రం నాలుగింటికి బోట్లు తిరిగొచ్చేటప్పుడు మా రేవులో వినిపించే మోటారే అది. దాని మీద ట్రంపెట్లు కాకుల్లా కొంగల్లా గోల పెడతాయి. తర్వాత చేపల వేలంపాట గొడవ, అది రెజిస్ ఒక్కడే వాయించే సోలో. ఎంతసేపైనా సాగొచ్చు. చివరికి మోటారు నెమ్మదిస్తుంది, బోట్లు గట్టుకి ఆనుకుంటాయి, అందరం ఒక్కటై ముగిస్తాం. వాయించడం అయ్యాక అందరం కాగితాలు మళ్లీ మొదటికి తిప్పాం. రెజిస్ కూడా ఎగతాళి చెయ్యకుండా తిప్పాడంటే చూడండి!

"అక్కా, ఇది రికార్డుకి పోటీ పడుతుంది," అన్నాడు మేస్టారు.

శరదృతువులో మా కొత్త రికార్డు. అందులో ఒక్క పాటకే చోటు మిగిలి ఉంది. దానికి మా మొదటి ట్రంపెట్ కోరాంతాన్ పాట అప్పటికే వరసలో ఉంది. ఆగస్టు పండగ రోజుల్లో రేవు గట్టున కచేరీ కదా, రెండూ అక్కడ వాయిద్దాం, జనం దేన్ని మళ్లీ వాయించమంటే దానిదే ఆ చోటు, అని తేల్చాం.

అక్కడే చిక్కొచ్చింది.

"నేను ముందు నిలబడితే బారిటోన్ ఎవరు వాయిస్తారు?" అంది నాదేజ్.

"నేను పియానోలో ఎడమచేత్తో అందుకుంటాను," అన్నాడు మేస్టారు.

"పియానో దగ్గదు కదా మేస్టారూ. అది మా నాన్న బోటు. దగ్గాలి."

"నియమం నియమమే అక్కా. నీకోసం మారిస్తే రేపు అందరూ కుర్చీల్లో దాక్కుంటారు."

"దాక్కోడానికి నేనేమైనా దొంగసరుకు అమ్ముతున్నానా ఎమెరిక్?" అంది. అంతవరకూ వేళాకోళానికి మీరు, మేస్టారు అన్న మనిషి పేరుపెట్టి పిలిచిందంటే కోపం నెత్తికెక్కిందన్నమాట. వీపు కర్రలా బిగుసుకుంది.

అయినా ఒప్పుకుంది. వేసవంతా బారిటోన్‌ని పక్కన పెట్టి, ముందు నిలబడి చేతులు ఊపుతూ రిహార్సల్ చేయించింది. అరచెయ్యి, పిడికిలి, అరచెయ్యి, పిడికిలి. చక్కగా నేర్చుకుంది. కానీ పియానో మోటారు మొదలైన ప్రతిసారీ ఆమె పెదవి ఒకపక్కకి లాగేది, కుళ్లిన చేప వాసన తగిలినట్టు. నేను డ్రైవింగ్ స్కూల్ నడుపుతాను. పక్క సీట్లోవాడు తొక్కాల్సిన బ్రేకు రోజంతా నేను తొక్కుతుంటాను. మన చేతిలో ఉండాల్సింది వేరేవాడి చేతికిచ్చి కూర్చోవడం ఎంత నరకమో నాకు తెలుసు.

కచేరీ రోజు వచ్చింది. కాలువ గట్టున వేదిక. మధ్యాహ్నం పడవల మీద నిలబడి ఒకరినొకరు తోసుకునే పందేల్లో నీళ్లలో పడ్డవాళ్లు తడిబట్టల్తోనే వచ్చి కూర్చున్నారు. చేపల బజారు బజారంతా అక్కడే ఉంది. మాంసం కొట్టాయన, జున్ను కొట్టావిడ, నాదేజ్ దగ్గర బేరాలాడి బేరాలాడి ముసలైపోయిన అమ్మమ్మలు మొదటి వరసలో. కోరాంతాన్ పాట ముందు వాయించాం. బాగుంది, కాదనను. జనం గట్టిగానే చప్పట్లు కొట్టారు. మళ్లీ కావాలని ఎవరూ అరవలేదు. నేను చెవులు రిక్కించి మరీ విన్నాను.

తర్వాత నాదేజ్ వంతు. లేచి ముందుకు నాలుగడుగులు వేసింది. ఆగింది. గిరుక్కున వెనక్కి తిరిగి తన కుర్చీ దగ్గరికొచ్చి, బారిటోన్ ఎత్తి మెళ్లో తగిలించుకుని, మైకు స్టాండుని ఈడ్చుకుంటూ మళ్లీ ముందుకు వెళ్లింది! మేస్టారు పియానో మీద పెట్టబోయిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ముందు నిలబడమన్నావు, నిలబడ్డాను," అంది ఆయనతో. "ఖాళీ చేతుల్తో నిలబడమని నియమంలో లేదు."

మా వైపు తిరిగి నిలబడి ఊదింది. అబ్బా, ఆ మోటారు! వేదిక చెక్కలు అదిరాయి. నా కుర్చీ అదిరింది. మొదటి వరసలో ఒక అమ్మమ్మ చప్పున కాలువ వైపు తల తిప్పి చూసింది, నిజంగా బోటే వస్తోందని. ట్రంపెట్లు రెక్కలు విప్పుకుని లేచాయి. వేసవంతా వాయించిన పాటేనా ఇది అనిపించింది నాకు. రెజిస్ లేచి నిలబడి వేలంపాట అందుకున్నాడు. ఏం వాయించాడండీ! ధర పెంచాడు, తిట్టాడు, బుజ్జగించాడు, మళ్లీ పెంచాడు. జనం తాళం వేస్తున్నారు.

ఇక ముగించాలి. పిడికిలి చూపించాలి. అప్పుడు నాదేజ్‌కి గుర్తొచ్చింది, తన రెండు చేతులూ బారిటోన్ మీద ఉన్నాయని.

అడుగు స్వరాలకి రెండు చేతుల వేళ్లూ కావాలి. చెయ్యి తీస్తే మోటారు ఆగుతుంది. కళ్లు పెద్దవి చేసి రెజిస్‌ని చూసింది. మెచ్చుకుంటోందనుకుని ఆయన రెచ్చిపోయాడు. తల గట్టిగా ఊపింది. డ్రమ్ముల మీదున్న సోలెన్ అది చూసి ఇంకా జోరు పెంచమంటోందనుకుంది, పెంచింది. మోకాలు ఎత్తింది. ట్రంపెట్లవాళ్లు లేచి నిలబడ్డారు! ఆమె ఏం చేసినా మా గోల పెరుగుతోందే తప్ప ఆగడం లేదు. మేస్టారు పియానో వెనకనుంచి పిడికిలి ఊపుతున్నాడు, కానీ ముందు మనిషి నిలబడి ఉండగా ఆయన వైపు చూసే అలవాటు మాకు లేదు. అది కూడా ఆయన నేర్పిందే. రెజిస్ ముఖం టమాటాలా ఎర్రబడింది. మెడ నరాలు ఉబ్బాయి. ఇంకో చుట్టు తిరిగితే పెద్దాయన కుప్పకూలతాడు, పాట కూడా ఆయనతోపాటే కూలుతుంది, రికార్డులో చోటు కోరాంతాన్‌కి పోతుంది.

బజారులో నాదేజ్ చేతులు ఎప్పుడు ఖాళీగా ఉన్నాయని? ఒక చేతిలో కత్తి, ఒక చేతిలో చేప. అక్కడ పనులన్నీ నోటితోనే. చటుక్కున వాయిద్యం నోట్లోంచి తీసింది. మోటారు తెగిపోకూడదని ఆ అడుగు స్వరాల్ని నేను గబుక్కున అందుకున్నాను. ఇరవై ఏళ్లు ఆమె వెనక కూర్చుని ఆ మాత్రం అందుకోకపోతే ఎందుకు నేను?

"ఆఖరి గంపోయ్!"

మైకులో పడింది ఆ కేక. కాలువ అవతలి గట్టుకి కొట్టుకుని తిరిగొచ్చింది. బ్యాండులో ఒక్కరికి కూడా అనుమానం రాలేదు. ఆ కేకకి అర్థం ఏమిటో మా అందరి కడుపులకీ తెలుసు. అందరం ఒక్కసారే ఆఖరి భాగంలోకి దూకాం. రెజిస్ ధబ్బున కుర్చీలో కూలబడ్డాడు. మొదటి వరసలో అమ్మమ్మ అలవాటు కొద్దీ లేచి నిలబడి అరిచింది, "నాకు! నాకు! నేనే ముందొచ్చాను!" గట్టంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుల మధ్యే మోటారు నెమ్మదించింది, బోట్లు ఒక్కొక్కటే గట్టుకి ఆనుకున్నాయి, పాట ముగిసింది.

తర్వాత లేచిన అరుపుల్ని నేను రాయలేను. మళ్లీ, మళ్లీ అని కాళ్లతో నేలని తంతున్నారు. నాదేజ్ ఇంకా మా వైపే తిరిగి ఉంది. జనానికి ఆమె వీపే కనిపిస్తోంది. ముఖం మాకు కనిపిస్తోంది, చెంపలు తడి, అయినా కోపంగా ఉన్నట్టు నటిస్తోంది.

"బాబాయ్, బతికే ఉన్నావా?" అంది.

"ఉన్నాను గానీ," అన్నాడు రెజిస్ రొప్పుతూ, "ఈసారి కాస్త త్వరగా కొట్టు మూయమ్మా తల్లీ."

బారిటోన్‌తో, మైకు స్టాండుతో సహా తన చివరి కుర్చీలోకి వచ్చి కూర్చుంది. మేస్టారు లేచాడు.

"అక్కా, మళ్లీ వాయించాలి. ముందు నిలబడాలి కదా?"

"నిలబడ్డానుగా ఒకసారి. ఇది నా చోటు."

"మరి ఆఖరి సైగ ఎవరిస్తారు?"

నాదేజ్ మైకు తన వైపు లాక్కుంది. జనాన్ని ఉద్దేశించి బజారు గొంతుతో చెప్పింది: "ఏమమ్మా, వినండి! పెద్దాయన టమాటాలా ఎర్రబడేదాకా ఆగండి. అప్పుడు మీరే అరవండి. ఏం అరవాలో నేను చెప్పక్కర్లేదుగా?"

మేస్టారు నెత్తి గోక్కుంటూ పియానో ముందు కూర్చున్నాడు. "ఇంతమందిని రికార్డింగ్‌కి ఎలా తీసుకెళ్లను నేను?" అని గొణుక్కోవడం నాకు వినబడింది. కోరాంతాన్‌కి కూడా వినబడింది. ముఖం మాడ్చుకున్నాడు, కానీ నాదేజ్ ఊదడం మొదలుపెట్టగానే అందరికంటే ముందు ట్రంపెట్ ఎత్తింది వాడే.

మోటారు దగ్గింది. కాకులు లేచాయి. రెజిస్ వేలం మొదలుపెట్టి, ధరలు పెంచి, ఎర్రబడ్డాడు. గట్టు మీది జనమంతా, అమ్మమ్మలు, తడిబట్టల పడవవాళ్లు, మాంసం కొట్టాయన, ఒక్క గొంతుతో అరిచారు:

"ఆఖరి గంపోయ్!"

నాకు మళ్లీ ఆమె వీపే కనిపిస్తోంది. ముందు కూర్చున్నవాళ్లకి ఏం కనిపించిందో తెలియదు. బారిటోన్ వాయిస్తూ నవ్వడం ఎవరివల్లా కాదని పుస్తకాల్లో రాసి ఉంటుందేమో, ఆమె మాత్రం నవ్వుతోంది. వీపు చూసి చెప్పగలను నేను.