కాక నిలబెట్టిన అగ్గిపుల్లలు

కాక నోటి నుంచి "మంచిగుంది" అనే మాట ఒక్కసారి వినాలని ఆరేళ్ళు పాకులాడాను. ఆయన నాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో బొగ్గుబావి లోపల పైకప్పు కూలకుండా సపోర్టు కర్రలు నిలబెట్టే కార్మికుడు. నేను అదే బావికి పైన, స్టోర్సులో గుమాస్తాను. డ్యూటీ దిగాక ఆయన క్వార్టర్ వరండాలో కూర్చొని, అడుగుకు పావంగుళం లెక్కన బావి నమూనాలు చేసేవాడు. ఒకరోజు ఊరికే చూడ్డానికి వెళ్ళాను. ఆ తర్వాత వెళ్ళని సాయంత్రం లేదు.

అట్టతో సొరంగం కట్టినా ఆయనది బావి పద్ధతే. పైకప్పు అతికించగానే అగ్గిపుల్లతో తట్టి, బోలుగా మోగుతుందేమోనని చెవి దగ్గర పెట్టి వినేవాడు. తర్వాత ఒక్కో పుల్లా నిలబెట్టుకుంటూ లోపలికి పోయేవాడు. పుల్ల నిలబడని చోట వేలు కూడా పెట్టేవాడు కాదు. నాకు నవ్వొచ్చేది.

"కాకా, ఇది చెప్పుల డబ్బా అట్ట. కూలితే ఎవలు చస్తరు?"

"అలవాటు సస్తది," అన్నాడు తలెత్తకుండా. "అది సచ్చినంక మనిషి ఎంతసేపు?"

తెలంగాణ వచ్చిన ఏడాదే ఆయన రిటైరయ్యాడు. వీడ్కోలు సభలో ఇవ్వాలని నాలుగు నెలలు కష్టపడి, ఆయన పనిచేసిన చోటునే మోడల్ కట్టాను. గోడలకు జిగురు రాసి నిజం బొగ్గుపొడి అద్దాను. మధ్యలో కర్రముక్క చెక్కి చేసిన కాక బొమ్మ, ముందు టిఫిన్ డబ్బా. బొమ్మ అందరికీ కనబడాలని ఆ చుట్టూ పుల్లలు పెట్టలేదు.

దండలు, శాలువాలు అయ్యాక కాక వంగి లోపలికి చూశాడు. జేబులోంచి అగ్గిపుల్ల తీసి పైకప్పు తట్టాడు. రెండు వేళ్ళతో తన బొమ్మను బయటికి తీసి అంగీ జేబులో వేసుకున్నాడు.

"ఈడ సపోర్టు లేదు తమ్మీ."

షిఫ్టు షిఫ్టంతా చూస్తుండగా! అసలే నాకు కోపం ముక్కుమీద ఉంటుంది. "నీ నోట్లె ఒక్క మంచి మాట లేదు కాకా," అనేసి మోడల్ చంకన పెట్టుకొని వచ్చేశాను. రెండు నెలలు ఆయన గల్లీకి పోలేదు.

దమ్ము ఎక్కువై, ఊపిరాడక కాక దవాఖానలో చేరాడని తెలిసినా నా బింకం సడలలేదు. ఒకరోజు సామాను కోసం స్టోర్సుకొచ్చిన ఒక కార్మికుణ్ణి అడిగాను, లోపల బువ్వ ఎక్కడ తింటారని.

"సపోర్టు కిందనే. ఇంకేడ తింటం సారూ?" అని నన్ను వింతగా చూశాడు.

బావిలోకి ఒక్కసారైనా దిగి పనిచేయని నేను, నలభై ఏళ్ళు దిగినవాడి మీద అలిగానని అప్పుడు సిగ్గేసింది. ఇంటికెళ్ళి పుల్లలు నిలబెట్టాను. ఆ మధ్యచోటు సగం మూసుకుపోయింది, అయినా పెట్టాను. కాక ఇంటికొచ్చాక తీసుకెళ్ళి మంచం పక్కన పెడితే, లేచి కూర్చొని తట్టాడు, విన్నాడు.

"చాయ్ తాగి పో," అన్నాడు. అంతే.

నాలుగు వారాలకు కాక పోయాడు. పదకొండో రోజున వెళితే మోడల్ టీవీ మీద ఉంది. పుల్లల సందులోంచి చూశాను. కాక బొమ్మ మళ్ళీ లోపలే ఉంది, టిఫిన్ డబ్బా ముందు.

"అంగీ ఉతికినప్పుడల్లా తీసి, మల్ల జేబుల ఏసుకునేటోడు," అంది ఆయన భార్య. "నువ్వు చాయ్ తాగి పోయినంక ఆయనే లోపట కూసోబెట్టిండు."

అందరి ముందూ ఏడ్చాను. సపోర్టు లేని చోట వేలు కూడా పెట్టని మనిషి, నా పైకప్పు కింద కూర్చొని బువ్వ తింటున్నాడు.