దోస్తు పేరు

గోదావరిఖనికి మేము వచ్చిన కొత్తలో పక్క క్వార్టర్‌లో ఒక సాయబుల ఇల్లాలు ఉండేది. మా మగవాళ్లిద్దరూ ఒకే గనిలో మొదటి షిఫ్టు. వాళ్లు పోయాక పగలంతా ఆమెకు నేను, నాకు ఆమె. ఏడాది గడిచాక, ఊరి నుంచి చూడవచ్చిన మా అత్తే పెద్దరికం వహించి మా ఇద్దరికీ దోస్తానా కట్టించింది. ఒకరికొకరం చీర పెట్టుకున్నాం, నోట్లో బెల్లం పెట్టుకున్నాం. అలా కట్టుకున్నవాళ్లు ఇక ఒకరి పేరు ఒకరు ఎత్తకూడదు, ఎత్తితే దోస్తానా తెగినట్టే అని మా అత్త గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి ఆమె నన్ను, నేను ఆమెను దోస్తు అనే పిలుచుకున్నాం.

ఆమెకు నెలలు నిండాయి. ఒకనాడు పొద్దున మగవాళ్లు గనిలోకి దిగాక నొప్పులు మొదలైతే, రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాను. చీటీలు రాసే కాడ కళ్లద్దాల ముసలాయన కూర్చున్నాడు.

"పేరేంది?"

"దోస్తు."

"ఎవలి దోస్తు? పేషంటు పేరు అడుగుతున్న."

"గామెనే, నా దోస్తు. పేరు ఎత్తద్దు సారు, దోస్తానా కట్టుకున్నం."

ఆమెనే చెప్పమందామంటే పళ్లు బిగబట్టి నా భుజం మీద వాలిపోయింది. ఆయన కలం కింద పెట్టాడు. నైజాం కాలంలో ఫార్సీ చదువుకున్నాడట.

"ఇను బిడ్డా. దోస్తు అనేది ఫార్సీ మాట. ఇష్టపడుడు అనే పాత మాట నుంచి పుట్టింది. మనసుకు నచ్చి ఏరుకున్న మనిషి అన్నట్టు. ఉర్దూల గదే, గుట్టల మీద ఉండే కుర్దులు అనేది గూడ గదే. ఇన్ని దేశాలు తిరిగిన మాట, పేరు చెప్పొద్దని యాడ అనలే. గా షరతు మీరు పెట్టుకున్నదే. జల్ది చెప్పు."

నా చేతిలో ఆమె వేళ్లు చల్లబడుతున్నాయి. దోస్తానా పోతే పోనీ, మనిషి దక్కితే చాలనుకుని పేరు చెప్పేశాను. వరండా అంతా వినబడింది. నర్సమ్మ వచ్చి ఆమెను లోపలికి తీసుకుపోయింది. ఇక మీదట ఆమెను ఏమని పిలవాలో తెలియక బయట కూర్చుని ఏడ్చాను.

మధ్యాహ్నం కాకముందే ఆడపిల్ల పుట్టింది. లోపలికి పోయి గుమ్మం దగ్గరే ఆగాను.

"గంత దూరం నిలబడ్డవేంది?" అంది.

"నీ పేరు ఎత్తిన గద."

"ఇన్న. మా అమ్మ గూడ నన్ను గంత గట్టిగ పిలువలే." నీరసంగా నవ్వింది. "గీ తప్పుకు దండుగ పడ్తది."

"ఏం దండుగ?"

"ఎత్తిన నోటితోనే నా బిడ్డకు పేరు పెట్టు, దోస్తు."

పాపను నా ఒళ్లో పెట్టింది. మగవాళ్లు షిఫ్టు దిగి వచ్చేదాకా నాకు ఒక్క పేరూ తోచలేదు.