మేస్త్రీ కింద పనిచేసిన బాట్

మా నాన్న గొంతు మల్కాపురంలో మా వీధి చివరిదాకా వినబడేదంటే, అది తగ్గించి చెప్పినట్టు. ఆయన పోర్టులో గ్యాంగు మేస్త్రీ. ఓడ అడుగున బస్తాలు సర్దే కూలీలకీ, పైన బరువులెత్తే వించి తిప్పేవాడికీ మధ్య నిలబడి అరవడమే ఉద్యోగం. మనిషి డ్యూటీ దిగినా ఆ అరుపు మాత్రం దిగేది కాదు. అన్నం దగ్గర ఉప్పు అడిగినా ఓడకి వినబడేట్టే అడిగేవాడు. "నాను పక్కనే ఉన్నానయ్యా, ఓడ అడుగున లేను" అని మా అమ్మ విసుక్కునేది.

అలాంటి మనిషికి రిటైరైన ఏడాదే గొంతులో జబ్బు చేసింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. పలకా బలపం కొనుక్కోమన్నారు డాక్టరు గారు. గాజువాక వెళ్లి కొనుక్కొచ్చాను. నాన్న దాన్ని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి మంచం కిందకి తోసేశాడు. ఒకటో తరగతి పిల్లాడిలా పలక పట్టుకుంటాడా మేస్త్రీ? పోనీ సైగలు చెయ్యమంటే, సైగలు వించి దగ్గర గానీ ఇంట్లో కాదన్నట్టు మొహం పెట్టేవాడు. డాక్టర్లు గొంతు తీశారు గానీ పొగరు ముట్టుకోలేదు.

అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది మావయ్య. మావయ్యంటే నాన్న గ్యాంగులో వించి తిప్పినాయన. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లిద్దరూ బావా అంటే బావా అనుకునేవారు కాబట్టి నాకు మావయ్య. నాన్న ఎత్తమంటే ఎత్తి, దించమంటే దించి సర్వీసంతా గడిపేశాడు. రిటైరయ్యాక కూడా రోజూ సాయంత్రం వచ్చి నాన్న చేత నాలుగు తిట్లు తిని, టీ తాగి వెళ్లేవాడు. ఆ తిట్లు తినకపోతే ఆయనకి అన్నం అరిగేది కాదని మా అమ్మ అనేది.

ఆపరేషన్ అయ్యాక కూడా రావడం మానలేదు. కానీ గేటు చప్పుడు కాగానే నాన్న లోపలి గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకునేవాడు. మావయ్య అరుగు మీద కూర్చుని మా అమ్మతో ఎండల గురించీ, కుళాయి రాకపోవడం గురించీ మాట్లాడేవాడు. మధ్యమధ్యలో గది గుమ్మం వైపు చూసేవాడు. "సరే, రేపొత్తాను" అని లేచేవాడు. మర్నాడు మళ్లీ అదే. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది. నాన్న మీద కాస్త ఎక్కువ.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మా ఇంటి ముందు గదిలో నేను నెట్ సెంటర్ నడిపేదాన్ని. ప్లైవుడ్ అడ్డం పెట్టి చేసిన నాలుగు కేబిన్లు, కౌంటర్ దగ్గర నా కంప్యూటరు, గాలి ఇటు తిరిగితే రిఫైనరీ వాసన. కుర్రకారంతా మెసెంజర్‌లోనే కాపురం ఉండేవాళ్లు. నేను పొద్దున్నపూట ఇనిస్టిట్యూట్‌లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటూ, ఆ మెసెంజర్‌తో పనిచేసే లైబ్రరీ ఒకటి నెట్‌లో పట్టుకున్నాను. లైబ్రరీ అంటే ఎవరో పుణ్యాత్ములు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాము. లాగిన్ అవడం, వచ్చిన మెసేజీ అందుకోవడం, జవాబు పంపడం అది చూసుకుంటుంది. ఏం జవాబు చెప్పాలో మాత్రం మనమే రాసుకోవాలి.

దాంతో ఒక బాట్ తయారుచేశాను. మనిషి కూర్చోకుండానే జవాబులు చెప్పేదన్నమాట. "ఖాళీ" అన్న మాట కనబడితే కేబిన్ ఖాళీ ఉందో లేదో చెప్పాలి. "ప్రింటు" అన్న మాట కనబడితే రేటు చెప్పాలి. ఇంకేం అడిగినా "అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనాలి. దానికి వచ్చింది అంతే. ఆ మాటకొస్తే మా ఇనిస్టిట్యూట్ సారుకీ అంతకంటే పెద్దగా వచ్చేది కాదు.

మధ్యాహ్నాలు సెంటర్ ఖాళీగా ఉండేది. ఒకరోజు గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని లేపి, "నాన్నా, ఇది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడు, నాకు పనుంది" అని అబద్ధం చెప్పి మూల కేబిన్లో కూర్చోబెట్టాను. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకి వచ్చు, ఓడల పేర్లూ పెట్టెల మీద మార్కులూ చదివీ చదివీ. ఆ అక్షరాలతోనే తెలుగు ఎలా కొట్టాలో చూపించాను. ఒక వేలితో మొదలుపెట్టాడు.

"ఎవడ్రా నువ్వు" అని కొట్టాడు.

"అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంది బాట్.

మళ్లీ అదే కొట్టాడు. మళ్లీ అదే జవాబు. చెప్పిన మాటే మళ్లీ చెప్పించుకునేవాణ్ణి నాన్న ఏనాడూ గ్యాంగులో ఉంచుకోలేదు. కీబోర్డు విరుగుతుందేమో అన్నంత కోపంగా ఇంకేదో కొట్టాడు. అది ఇక్కడ రాయను.

ఆయన లేచి వెళ్లాక ఆ తిట్లన్నీ చదువుకుని నవ్వుకున్నాను. వాటికి తగ్గ జవాబులు బాట్‌కి నేర్పాను. ఎవడ్రా అంటే "కొత్తగా చేరినోణ్ణి మేస్త్రీ" అనాలి. పని అన్న మాట కనబడితే "నడుం పట్టేసింది మేస్త్రీ" అనాలి. నాకు తెలిసిన తిట్లన్నిటికీ "అలాగే మేస్త్రీ" అనాలి. మర్నాడు నాన్న పిలవకుండానే వచ్చి కేబిన్లో కూర్చున్నాడు. బద్ధకస్తుడొకడు చేతికి చిక్కాడు కదా, ఇంక వదులుతాడా?

"తిన్నావా" అని అడిగాడు దాన్ని. దానికి జవాబు నేను రాయలేదు. అర్థం కాలేదంది. "తిండంటేనే అర్థం కానోడివి బస్తా ఏటి మోస్తావురా ఎదవా" అన్నాడు. "అలాగే మేస్త్రీ" అంది. సాయంత్రం బాట్‌ని ఆపేస్తానని చెబితే, "రిలీవరు రాకుండా డ్యూటీ దిగిపోతావేట్రా" అని కొట్టి దాని మీదకి లేచాడు. రిలీవరంటే మన తర్వాతి డ్యూటీకి ఎక్కేవాడు. ప్లైవుడ్ మీంచి తొంగిచూస్తే ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నవ్వుతున్నాడు, చప్పుడు లేకుండా. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వడం అదే మొదలు. నేను కౌంటర్ దగ్గరికొచ్చి కాసేపు ఏడ్చాను.

ఒక మధ్యాహ్నం మావయ్య తన వేళ కాని వేళలో వచ్చాడు. కేబిన్ వెనకనుంచి తొంగిచూశాడు. నాన్న ఆయన్ని చూడలేదు. మావయ్య నా దగ్గరికొచ్చి, "ఎవలితో మాట్లాడతన్నాడు?" అన్నాడు.

"ఎవరూ లేరు మావయ్యా. మెషీను."

బయటికి తీసుకెళ్లి అంతా వివరంగా చెప్పాను. ఆయన అరుగు మీద కూలబడ్డాడు. "మెషీన్ని తిడతన్నాడా? నన్ను తిట్టడానికి బైటికి రాడు గానీ" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోను కూడా లేదు. "అమ్మా, ఆ మెషీను ప్లేసులో నన్ను పెట్టు" అన్నాడు.

ఆయన్ని కౌంటర్ దగ్గర నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. బాట్‌ని ఆపి, దాని పేరుతోనే నేను లాగిన్ అయ్యాను. మావయ్యకి టైపు రాదు. ఆయన చెబితే నేను కొట్టాలి, నాన్నకి తెలియకూడదు. చెవిలో మెల్లగా చెప్పమన్నాను.

మా తెలివి అక్కడే తెల్లారింది. జీవితమంతా వించి పక్కన గడిపిన మనిషికి గుసగుసలెలా వస్తాయి? నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా చెవి మీదకి వంగి, గుసగుస అనుకుని ఆయన అన్న మాటకి రోడ్డవతల టీకొట్టు వాడు తలెత్తి చూశాడు.

"తిన్నావేటి బావా అని కొట్టు."

"బావ కాదు మావయ్యా, మేస్త్రీ అనాలి. నువ్విప్పుడు మెషీనువి."

"అవునవును. మేస్త్రీ అనే కొట్టు" అన్నాడు, మళ్లీ అదే గొంతుతో.

మూల కేబిన్లో కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. మధ్యలో ఉన్నది వేలిమందం కూడా లేని ప్లైవుడ్. ఇప్పుడు లేచి లోపలికి పోతాడు, మళ్లీ గోడవైపు తిరుగుతాడు, ఉన్న ఈ కాస్త నవ్వూ పోతుంది అనుకున్నాను. అయినా "తిన్నావేటి మేస్త్రీ" అని పంపాను.

చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. "తిన్నాను. నిన్నటిదాకా తిండంటే తెలీనోడివి, ఇయ్యాల పరామర్శలేట్రా."

చదివి వినిపించాను. మావయ్య మొహం వెలిగిపోయింది. "నన్నే తిడతన్నాడు" అన్నాడు. "ఇంట్లో ఏటీ తోసట్లేదని కొట్టు. రోజూ వత్తన్నాను, ఒక్కనాడూ మొకం సూపించలేదని కొట్టు."

"మెషీను రోజూ రావడమేంటి మావయ్యా?"

"నువ్వు కొట్టవే అమ్మా."

కొట్టాను. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. "వచ్చి ఏటి సేత్తావు. నాను మాట్లాడలేను."

దాన్నీ చదివి వినిపించాను. మావయ్య ఇంక నాటకం మర్చిపోయాడు. ప్లైవుడ్ వైపు తిరిగి, ఓడ మీద ఉన్నట్టే అన్నాడు. "నిన్ను మాట్లాడమని ఎవడడిగాడు? ఆ వించి రొదలో నీ మాట నాకెప్పుడు ఇనబడిందని? నువ్వు అరుత్తావు, అరుసుకో అని వదిలేసీవోణ్ణి. నీ సెయ్యి సూసే కదా బావా ఇన్నాళ్లూ తిప్పాను."

ప్లైవుడ్ మీంచి ఒక చెయ్యి పైకి లేచింది. అరచెయ్యి నేలవైపు పెట్టి మెల్లగా కిందకి దించింది. ఓడ దగ్గరైతే దానర్థం బరువు దించమని. మావయ్య నోరు టక్కున మూతపడింది. నా వైపు వంగి, "గొంతు దించమంటన్నాడు" అన్నాడు, నాకే వినీ వినబడనంత మెల్లగా. ఆయనకి గుసగుస వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

తర్వాత ఆ చెయ్యి రమ్మని పిలిచింది. ఒక్కరికే చాలని కేబిన్లో ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. నాన్న చెయ్యి గాల్లో ఏదేదో చెబుతోంది, మావయ్య "ఆఁ, ఆఁ, నాననేదీ అదే" అంటున్నాడు. ఒకసారి ఆ చెయ్యి మావయ్య నెత్తిన మొట్టికాయ కూడా వేసింది. మా అమ్మ వంటగదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, టీ పెట్టడానికి వెళ్లింది.

నేను బాట్‌ని మళ్లీ నడిపించాను. కాసేపటికి మూల కేబిన్ నుంచి దానికొక మెసేజీ వచ్చింది.

"రిలీవరు వచ్చాడు. నువ్వు డ్యూటీ దిగిపో."

"అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అంది బాట్.

నాన్న మళ్లీ చెప్పలేదు. తిట్టనూ లేదు. ఆయనకి తీరిక లేదు.