మా మేనత్త చెప్పిన కోడి కథ

మా మేనత్త పోయింది. పోయిన వారం తమ్ముడు జహీరాబాద్ నుంచి మొదటి బస్సుకే వచ్చి, గుమ్మంలో నిలబడి, "అక్కా, అత్త పోయింది. జల్ది నడువ్" అన్నాడు. ఎలా పోయిందని నేను అడగలేదు. నాకు తెలుసు. తినక పోయింది.

ఆమె మా నాన్నకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. కూర్చుని తింటోందన్న మాట ఎవరి నోటా రాకముందే కొడవలి పట్టుకుని కూలికి పోయింది. చెరకు కొట్టేది, అల్లం తవ్వేది. సాయంత్రం ఆ అల్లం వాసన చేతులతోనే జొన్నరొట్టెలు కొడుతూ, పొయ్యి చుట్టూ చేరిన మాకు ఎప్పుడూ ఒకే కథ చెప్పేది.

ఒక కోడికి జొన్నగింజలు దొరుకుతాయి. విత్తడానికి కుక్క రాదు, కోయడానికి పిల్లి రాదు, విసరడానికి మేక రాదు. రొట్టె కాలిన వాసన వచ్చేసరికి మాత్రం ముగ్గురూ హాజరు. కోడి వాళ్లకు పెట్టదు, తన పిల్లలతో కూర్చుని తింటుంది. కథ ఇంతే. కానీ అత్త నోట రోజుకో తీరు. ఆ రోజు ఇంట్లో ఎవరు పని ఎగ్గొడితే వాళ్లకు తోక మొలిచేది. నేను నీళ్లు తేకపోతే పిల్లి రెండు జడలు వేసుకునేది. నాన్న చేనికని చెప్పి హోటల్లో కూర్చున్న రోజు, మేక బస్టాండు పక్కన చాయ్ తాగేది. నాన్న విననట్టే బీడీ వెలిగించుకునేవాడు.

"జర్ర ముక్క గూడ ఇయ్యలేదా అత్తా?" అని తమ్ముడు ప్రతిసారీ ఏడుపు మొహం పెట్టేవాడు.

"ఎందుకియ్యాలె బిడ్డా? చేస్తెనే తినాలె. ఊకె కూసుంటె ఎవ్వలు పెడ్తరు?" అనేది. అంటూనే మొదటి రొట్టె నా చేతికిచ్చి, మా గోడవారన ఉండే కుంటి ముసలాయనకు పంపేది. ఆయన ఏ పనీ చేసేవాడు కాదు, చేయలేడు. మరి ఆయనకెందుకని అడిగితే, "కోడి ముచ్చట కోడిది. నువ్వు పో, రొట్టె సల్లారుతది" అని కసిరేది. ఒక ఏడు కరువొచ్చి పిండి అడుగంటినప్పుడు కూడా ఆయన రొట్టె ఆగలేదు. అత్త రొట్టే ఆగింది.

మొన్న ఎండాకాలం మొదట్లో ఆమె వాకిట్లోనే కూలబడింది. కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడిపోయాయి. దవాఖానలో మందులిచ్చి, మెల్లగా మళ్లీ కదులుతాయని పంపేశారు. కదల్లేదు. ఇక కదలవని తెలిసినప్పటి నుంచి అత్త రొట్టె దగ్గరికి తెస్తే నోరు మూసుకునేది.

"ఏం జేసిన్నని తినాలె?" అనేది, ముద్దముద్దగా.

అమ్మ బతిమాలింది. నాన్న ముందు కోప్పడ్డాడు, తరవాత "నీ కాల్మొక్త అక్కా, తిను" అని ఏడ్చాడు. ఏదీ పనిచేయలేదు. చివరికి నేను పక్కన కూర్చుని ఆమె కథే ఎత్తుకున్నాను.

"అత్తా, ఈసారి కోడికి పాణం బాగలేదు. గింజలు కుక్క ఏసింది, పిల్లి కోసింది. మేక పిండి ఇసిరి, రొట్టె జేసి కోడి ముందల పెట్టింది."

ఆమె తల నా వైపు తిప్పింది. "మేక రొట్టె కొట్టిందా?"

"కొట్టింది."

మూతి ఒక పక్క మాత్రమే నవ్వింది. చిన్న ముక్క పెడితే నమిలింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. రెండో ముక్కకు తల తిప్పేసింది.

"కోడి తినలే బిడ్డా. దానికి సిగ్గయింది" అంది.

ఆ తరవాత నాకు ఇంకే కథా తోచలేదు. మీ ఇళ్లలోనూ ఇలాంటి మనిషి ఉండే ఉంటుంది, పెట్టడమే తప్ప పెట్టించుకోవడం రాని మనిషి. అలాంటి మనిషికి తినిపించే ఉపాయం మీకేదైనా తెలిస్తే నాకు చెప్పండి. ఇప్పుడిక పనికిరాదనుకోండి, అయినా చెప్పండి.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి ఆరుబయట పెడితే, పిట్ట వచ్చి ముడితేనే వాళ్లు తిన్నట్టు. అమ్మ విస్తరిలో జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం. కాకులు గోడ మీద వాలాయి, చూశాయి, దిగలేదు. ఆమె మనసులో ఏదో కోరిక మిగిలిందన్నారు ఎవరో. "పోరగాండ్లను మంచిగ జూస్కుంటం, ఫికర్ జెయ్యకు అక్కా" అన్నాడు నాన్న. అయినా దిగలేదు. ఎండెక్కి రొట్టె అంచులు పైకి లేచాయి.

చివరికి నాన్న విస్తరి దగ్గరికి వెళ్లి గొంతుక్కూర్చున్నాడు.

"అక్కా, ఇవి నువ్వు కోసిన జొన్నలే. ఈ ఏడు పంట నువ్వే కోస్తివి గద. నీ కష్టమే ఇది, తిను."

ఆమె బతికుండగా ఈ ఒక్క మాట మాలో ఎవరికీ తట్టలేదు. గోడ మీది కాకి తల ఒక పక్కకు వంచి నాన్నను చూస్తూ కూర్చుంది. నాన్న రెండు చేతులతో విస్తరిని కొంచెం కొంచెంగా దాని వైపు జరుపుతూనే ఉన్నాడు.