క్రేన్ ఆపరేటర్‌కు ఇచ్చిన డ్రోనాబినాల్

2022లో నేను దుబాయ్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాన్సర్ విభాగంలో క్లినికల్ ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. ఫార్మసిస్టు అనగానే కౌంటర్ వెనక నిలబడి మందులు అందించే మనిషి గుర్తొస్తుంది. మా పని కొంచెం వేరు. వార్డులో డాక్టర్ల వెంట తిరుగుతాం. ఏ మందు ఏ మందుతో పడదో చూస్తాం, మోతాదులు సరిచూస్తాం, రోగి పక్కన కూర్చుని మందు ఎలా వేసుకోవాలో వివరంగా చెబుతాం. మాది నెల్లూరు కావడంతో తెలుగువాళ్లెవరు చేరినా నర్సులు నాకే కబురు పెట్టేవారు. మహబూబ్ బాషా అలాగే పరిచయమయ్యాడు.

బాషాది కడప దగ్గర పల్లె. ముప్పై దాటి నాలుగైదేళ్లు ఉంటాయేమో. జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక యార్డులో మొబైల్ క్రేన్ నడిపేవాడు. హెల్పరుగా వచ్చి, పని చూసి నేర్చుకుని, పరీక్షలు పాసై ఆపరేటరయ్యాడు. భార్య షమీమ్, నాలుగేళ్ల కూతురు. అల్ కుసైస్‌లో ఇంకో కుటుంబంతో కలిసి ఒక ఫ్లాట్ పంచుకుని ఉండేవారు. అతనికి వృషణానికి క్యాన్సర్ వచ్చింది. ఆ మాట పలకడానికి సిగ్గుపడి 'కింద జబ్బు' అనేవాడు. ఆపరేషన్ అయి, కీమోథెరపీ మొదలయ్యాక మా వార్డుకు వచ్చాడు.

ఈ రకం క్యాన్సర్ మందుకు బాగా లొంగుతుంది. చాలామంది పూర్తిగా బాగై ఇంటికి వెళతారు. కాకపోతే కీమో అనుకున్న వేళకు పడాలి. వాయిదాలు పడేకొద్దీ మనం గెలిచే అవకాశం తగ్గుతుంది. అందులో వాడే సిస్‌ప్లాటిన్ అనే మందు వాంతులకు పేరుమోసింది. బాషాకు వాంతులు ఆపే మందులు ముందు విడివిడిగా ఇచ్చాం, తర్వాత కలిపి ఇచ్చాం. కొందరికి అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఇతనికి చేయలేదు. షమీమ్ వంటింట్లో తాలింపు వేస్తే బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకునేవాడు. ఆసుపత్రి గేటు కనబడితేనే కడుపులో దేవుతోందనేవాడు. రెండో విడత కీమో అయ్యేసరికి చొక్కా భుజాల మీద నుంచి జారిపోతోంది.

మా డాక్టరు హనాన్ సూడాన్ ఆవిడ. మాట తక్కువ, చూపు నిశితం. బరువు ఇంకా తగ్గితే తర్వాతి కీమో వాయిదా వేయక తప్పదని ఆవిడ నాతో అన్నారు. ఆ రోజే డ్రోనాబినాల్ మాట తెచ్చారు. గంజాయి మొక్కలో ఉండే టీహెచ్‌సీ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి, నువ్వుల నూనెలో కలిపి క్యాప్సూల్లో నింపితే అదే డ్రోనాబినాల్. మిగతా మందులు పనిచేయనప్పుడు కీమో వాంతులకు ఇస్తారు. ఆకలి చచ్చి బరువు తగ్గిపోతున్న కొందరు రోగులకూ ఇస్తారు. అప్పటికి అది మా ఫార్మసీలో లేదు. నిపుణుడి ప్రిస్క్రిప్షన్ మీద, ఆ ఒక్క రోగి పేరున, ప్రభుత్వ అనుమతి తీసుకుని తెప్పించాలి. నా ఉద్యోగంలో అలాంటి మందు తెప్పించడం అదే మొదటిసారి.

ఈ దేశంలో గంజాయి విషయంలో చట్టం ఎంత గట్టిదో ఇక్కడ బతికే ప్రతివాడికీ తెలుసు. అందుకే బాషాకు దాచకుండా మొత్తం చెప్పాను. అతను దిండు మీంచి లేచి కూర్చున్నాడు.

"మేడమ్, నేను ఊర్లో గూడా బీడీ ముట్టినోణ్ని గాదు. ఈడికొచ్చి గంజాయి తినమంటాండారా? రేప్పొద్దున పోలీసోళ్లు పట్టుకుంటే నా బిడ్డకు ఏం చెప్పేది?"

అనుమతి కాగితం చేతికి రాకుండా ఒక్క క్యాప్సూల్ కూడా నేనే ఇవ్వనని చెప్పాను. మందు మీ పేరు రాసిన సీసాలో, మా ఆసుపత్రి చేతుల మీదుగానే వస్తుందని చెప్పాను. అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. కాసేపటికి అసలు భయం బయటపడింది.

"అది గాదు మేడమ్. మా కాడ ఆపరేటర్లకు మూత్రం పరీక్ష చేస్తారు. దాంట్లో తగిల్తే ఖలాస్. మళ్లీ క్రేన్ ఎక్కనియ్యరు. ఆ క్యాబిన్లో కూర్చోడానికి ఎన్ని ఎండలు తిన్న్యానో నాకు తెలుసు."

ఆ భయం నిజమైనదే. టీహెచ్‌సీ శరీరంలోని కొవ్వులో చేరి నిదానంగా బయటికి పోతుంది. మందు ఆపాక కూడా వారాల తరబడి మూత్రంలో కనబడవచ్చు. అందుకని కంపెనీ డాక్టరుకు ముందే చెబుదామన్నాను. ముదీర్‌కు, అంటే మేనేజరుకు, తెలిస్తే ఉద్యోగం పోతుందని బాషా ఒప్పుకోలేదు. మేనేజరుకు చెప్పాల్సిన పనిలేదు, వైద్య విషయం డాక్టరుకూ డాక్టరుకూ మధ్యే ఉంటుందని హనాన్ స్వయంగా వచ్చి హామీ ఇచ్చారు. మందు హలాలా హరామా అని తమ మసీదు ఇమామును షమీమే అడిగి వచ్చింది. వేరే దారి లేక డాక్టరు ఇస్తే ప్రాణం కాపాడుకోవడం తప్పు కాదని ఆయన చెప్పారట. ఆ సాయంత్రం బాషా సరే అన్నాడు.

కంపెనీ డాక్టరు ఫోన్‌లో శ్రద్ధగా విన్నారు. మందు వాడుతున్నంత కాలం బాషా సిక్ లీవ్‌లోనే ఉండాలన్నారు, ఆపాక కూడా తాను పరీక్ష చేసి సరే అనేదాకా క్రేన్ దగ్గరికి రాకూడదన్నారు. ప్రిస్క్రిప్షన్, అనుమతి నకళ్లు తన ఫైల్లో పెట్టుకున్నారు.

మందు వచ్చిన రోజు బాషా దంపతులను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి మాట్లాడాను. గుండె జబ్బుందా, ఇంట్లో ఎవరికైనా మతి చెడిన జబ్బులున్నాయా అని ముందే అడిగి తెలుసుకున్నాం. నువ్వులు పడతాయా అని అడిగితే బాషా చాలా రోజుల తర్వాత నవ్వాడు. నువ్వుల పొడి లేకుండా ఇడ్లీ ముట్టేవాణ్ని కాదన్నాడు. నిద్ర కోసం ఇస్తున్న మాత్రను అప్పటికే డాక్టరుతో మాట్లాడి ఆపించాను. రెండూ కలిస్తే మత్తు ఎక్కువవుతుంది. తల తిరగవచ్చు కాబట్టి మంచం మీంచి ఒక్కసారిగా లేవకూడదని, అంచున కాసేపు కూర్చుని లేవాలని చెప్పాను. కారు నడపకూడదు. మనసుకు ఏదైనా వింతగా అనిపించినా, గుండె దడదడలాడినా వెంటనే ఫోన్ చేయాలి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట రెండుసార్లు చెప్పాను. కడుపులోకి వెళ్లాక పనిచేయడానికి దీనికి టైము పడుతుంది, పనిచేయలేదని ఇంకొకటి వేసుకోకూడదు.

మందు చల్లగా ఉండాలి. వాళ్ల ఫ్రిజ్ రెండు కుటుంబాలదీ. తాళం వేసే చిన్న స్టీలు డబ్బా కొని అందులో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచమన్నాను. తాళం చెవి షమీమ్ తన గొలుసుకు తగిలించుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం ఆమె నుంచి ఫోన్ వచ్చింది. బాషా నేల మీద కూర్చుని మంచం కోడు పట్టుకున్నాడు. గది ఊగుతోందంటున్నాడు. పక్క గదిలో వాళ్లు తన గురించే మాట్లాడుకుంటున్నారంటున్నాడు. పడుకోబెట్టి, ఒంటరిగా వదలకుండా టాక్సీలో తీసుకురమ్మన్నాను. ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర నేనే ఎదురెళ్లాను. నాడి వేగంగా ఉంది, బీపీ తగ్గింది. సెలైన్ పెట్టారు. లైటు తగ్గించి, పక్కన కూర్చుని, ఇది మందు ప్రభావం, కాసేపట్లో దిగిపోతుంది అని మెల్లగా చెబుతూ ఉన్నాను. పొద్దు వాలేసరికి మనిషి మామూలయ్యాడు.

మామూలయ్యాక సంగతి చెప్పాడు. పొద్దున వేసుకున్న క్యాప్సూల్‌తో ఆకలి పుట్టలేదు. వారంలో కీమో ఉంది, బరువు చూస్తారు. ఆ తొందరలో షమీమ్ స్నానానికి వెళ్లినప్పుడు ఆమె విప్పి పెట్టిన గొలుసు తీసుకుని, డబ్బా తెరిచి ఇంకొకటి మింగాడు.

"ఖలాస్ మేడమ్. నాకీ మందు వద్దు. కీమో ఆగిపోతే ఆగిపోనీ."

షమీమ్ కన్నీళ్లు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. అప్పుడు అతన్ని బెదిరించాలనీ అనిపించలేదు, బతిమాలాలనీ అనిపించలేదు. అతని పని గురించి అడిగాను. క్రేన్ ఎంత బరువు ఎత్తగలదో ఆపరేటరుకు ఎలా తెలుస్తుందన్నాను. క్యాబిన్లో లోడ్ చార్ట్ ఉంటుందన్నాడు. క్రేన్ చెయ్యి ఎంత దూరం చాపితే ఎంత బరువు మోయగలదో అందులో రాసి ఉంటుందట. అది దాటి ఎత్తితే ఏమవుతుందన్నాను.

"ఒరిగిపోతాది."

"అప్పుడు తప్పు క్రేన్‌దా, బాషా భాయ్?"

అతను దుప్పటి పక్కకు తోసి లేచి కూర్చున్నాడు. తర్వాత భార్య వైపు చూసి, "చార్టు నువ్వే చూసుకో షమీమ్. తాళం చెవి నాకియ్యొద్దు" అన్నాడు.

హనాన్ ఒక రోజు ఆగి, మోతాదు తగ్గించారు. రోజుకు ఒకే ఒక క్యాప్సూల్, అదీ సాయంత్రం భోజనానికి ముందు. మనిషికి అది ఎలా పడుతుందో చూశాకే పెంచుదామన్నారు. అక్కణ్నుంచి షమీమే అసలు నర్సు అయింది. మందు ఇచ్చేది, నీళ్లు తాగించేది, మంచం అంచున కూర్చోబెట్టి చెయ్యి పట్టుకుని లేపేది. ఫ్లాట్ పంచుకున్న అతను నడుం నొప్పికి ఒకటి ఇవ్వమని అడిగితే, ఈ మందు ఇంకొకరి నోట్లోకి వెళితే ఇద్దరమూ జైల్లో ఉంటామని మొహం మీదే చెప్పిందట. నాకు ఫోన్‌లో ఆ సంగతి చెబుతుంటే ఆమె గొంతులో అంతకుముందు ఎన్నడూ వినని ధీమా వినిపించింది.

వాంతులు పూర్తిగా ఆగిపోయాయని చెప్పను. తగ్గాయి. నోరు ఎండిపోతోందని, మబ్బుగా ఉంటోందని బాషా విసుక్కునేవాడు. కానీ ఒక సాయంత్రం షమీమ్ ఫోన్ చేసి, పెరుగన్నం తిని ఇంకొంచెం పెట్టమన్నాడని చెప్పింది. తర్వాత కొద్ది రోజులకు రాగి సంగటి అడిగాడట. రాగిపిండి కోసం పాత బజారు ఉండే నైఫ్ పేట సందులన్నీ తిరిగి తెచ్చి కెలికిందట. కీమో రోజున తూకం ముల్లు తగ్గకుండా నిలబడింది. హనాన్ ఆ అంకె చూసి కీమో ప్రిస్క్రిప్షన్ మీద సంతకం చేసి నా చేతికిచ్చారు. యల్లా, మొదలుపెట్టండి అన్నారు. ఆవిడ నవ్వడం నేను చూసిన కొద్ది సందర్భాల్లో అదొకటి. తర్వాతి కీమోలన్నీ వేళకే పడ్డాయి.

చికిత్స ముగిశాక డ్రోనాబినాల్ ఆపేశాం. సీసాలో కొన్ని క్యాప్సూల్స్ మిగిలాయి. ఊరికి వెళ్లేటప్పుడు దారిలో వాంతులొస్తే పనికొస్తాయేమో అని బాషా అడిగాడు. ఈ సీసాతో విమానాశ్రయం దగ్గరికి కూడా పోవద్దన్నాను. ఇక్కడి అనుమతి ఇక్కడికే, ఇంకో దేశం చట్టం ముందు అది పనికిరాదు. మర్నాడే భార్యాభర్తలిద్దరూ వచ్చి సీసా అప్పగించారు. వాళ్ల ఎదుటే లెక్కించి, నాశనం చేయడానికి పంపించాం.

అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. కంపెనీలో ఏటా జరిగే వైద్య పరీక్షల పిలుపు అతను సెలవులో ఉండగానే వచ్చింది. మూత్రంలో టీహెచ్‌సీ ఇంకా కనబడింది. బాషా వెంటనే నాకు ఫోన్ చేశాడు. హెచ్ఆర్ వాళ్లు ఆఫీసుకు రమ్మన్నారట. నేను కంపెనీ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన అప్పటికే ఫైల్ తీసి, ఈ ఫలితానికి కారణం డాక్టరు రాసిన మందేనని, తనకు ముందే తెలుసని ధ్రువీకరించి పంపేశారు. మందు పేరు కూడా హెచ్ఆర్‌కు చెప్పలేదట. ఇంకొన్ని వారాలు ఆగి మళ్లీ పరీక్షిస్తామన్నారు, అంతే. రెండోసారి ఏమీ కనబడలేదు. చూపు, చేతుల పట్టు, నడక అన్నీ చూసి పనికి సరిపోతాడని రాసిచ్చారు.

పనిలో చేరిన రోజు బాషా క్యాబిన్లోంచి ఒక ఫోటో పంపాడు. హెల్మెట్ కింద జుట్టు ఇంకా పూర్తిగా రాలేదు. బుగ్గలు మాత్రం నిండాయి. నేను దాన్ని హనాన్‌కు చూపించాను, తర్వాత వార్డులో ప్రతి నర్సుకూ చూపించాను. అంత గర్వంగా నేను నా సొంత డిగ్రీ పట్టాను కూడా ఎవరికీ చూపించలేదు.

ఆ తర్వాత మా ఆసుపత్రిలో అలాంటి మందు ఇంకొందరికి తెప్పించాం. దాని గురించి కొత్త ఫార్మసిస్టులకు నేర్పే పని నాకే అప్పగించారు. మోతాదు, నిల్వ, దుష్ఫలితాలు, చట్టం, ఇవన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి, చదువుకోమంటాను. నేను నేర్పేది ఒక్కటే. ఏ మందు చేతికిచ్చే ముందైనా, ఈ మనిషి పొద్దున లేచి ఏం పనికి వెళతాడో అడగండి. ఆ మనిషి తిరిగి ఆ పనికి వెళ్లిన రోజే మన చికిత్స పూర్తయినట్టు.